ధర కోట్లలో, దెబ్బ మోకాలికి



ఈ రోజు కబడ్డీ గురించి మాట్లాడుకుందాం. మన తాతలు చెడుగుడు అన్న ఆట. సంక్రాంతి వస్తే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇప్పటికీ సున్నం గీతలు గీసి ఆడే ఆట. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక ఈ ఆటకు వేలంపాట వచ్చింది, టీవీ వచ్చింది, కోట్ల రూపాయల ధరలు వచ్చాయి. వాటి వెంటే రెండు ప్రశ్నలు కూడా వచ్చాయి. ఒక్క ఆటగాడి కోసం జట్టు తన డబ్బులో సగం ఖర్చు పెట్టడం సబబేనా? అంత ధర పలికినవాడి ఒంటిని కాపాడడానికి నియమాలు పెడితే, ఏ ధరా పలకని మామూలు ఆటగాడికి కూడా అవి దక్కాలా, వద్దా?

మన కబడ్డీకి ఈ ప్రశ్నలు కొత్తవి. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో మాత్రం వీటి మీద ఎన్నో ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ వాదన నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. అందుకే ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా ఒక తేదీ చెబుతాను. 2022 అక్టోబర్ 8. ఆ రోజు బెంగళూరు శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియంలో ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్‌లో తమిళ్ తలైవాస్ జట్టు గుజరాత్ మీద తన మొదటి మ్యాచ్‌కు దిగింది. ఆ జట్టు కెప్టెన్ పవన్ సెహ్రావత్. అంతకు రెండు నెలల ముందు జరిగిన వేలంలో ఆయన 2 కోట్ల 26 లక్షలు పలికాడు. అప్పటికి ప్రో కబడ్డీలో అంత ధర ఎవరికీ రాలేదు. ఆ ధరకు తగ్గ చరిత్ర ఆయనకుంది. 2019లో హర్యానా స్టీలర్స్ మీద ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చినవాడు. అంతకు ముందు సీజన్ ఫైనల్‌లో 22 రైడ్ పాయింట్లతో బెంగళూరు బుల్స్‌కు కప్పు అందించినవాడు. అలాంటి ఆటగాడు ఆ సాయంత్రం మొదటి పది నిమిషాల్లోనే మోకాలు పట్టుకొని కూలబడ్డాడు. స్ట్రెచర్ మీద బయటికి తీసుకువెళ్లారు. ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆయన కూతకు వెళ్లి దెబ్బ తినలేదు. కూతకు వచ్చిన గుజరాత్ ఆటగాడిని పట్టబోయి దెబ్బ తిన్నాడు. ఈ సంగతి మన వాదనకు చాలా ముఖ్యం. కాసేపటికి మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అదే 2022 అక్టోబర్ 8న అమెరికాలో ఇంకొక పని జరిగింది. అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి తలకు తగిలే దెబ్బల గురించిన నిబంధనను మార్చాయి. కారణం టువా టాగోవైలోవా అనే ఆటగాడు. సెప్టెంబర్ 25న జరిగిన మ్యాచ్‌లో ఆయన తల నేలకు కొట్టుకుంది. లేచి నడవబోతే అడుగులు తడబడ్డాయి. అయినా మళ్లీ ఆడనిచ్చారు. నాలుగు రోజుల తర్వాత ఇంకో మ్యాచ్‌లో మళ్లీ తలకు దెబ్బ తగిలి, చేతివేళ్లు కొంకర్లు పోయి, మైదానం నుంచి స్ట్రెచర్ మీద వెళ్లాడు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. ఆ తర్వాత వచ్చిన నియమం ఇది: తలకు దెబ్బ తగిలాక నడక తడబడినా, మాట ముద్దగా వచ్చినా, ఆ ఆటగాడు ఆ రోజు మళ్లీ మైదానంలోకి రాకూడదు.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివారికి ఒక మాట. అది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తే ఆట, విసిరే ఆట. జట్టుకు పదకొండు మంది. వాళ్లలో బంతి చేత పట్టుకొని, ఎవరికి వేయాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకొని విసిరేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఎదుటి జట్టువాళ్లు నూట ఇరవై, నూట ముప్పై కిలోల మనుషులు అతడి మీదికి దూకుతుంటారు. అతడు బాగుంటే జట్టు బాగుంటుంది. అందుకే అక్కడ డబ్బంతా ముందు అతడి చుట్టూ తిరుగుతుంది.

మన తిరుపతిలో, చిత్తూరులో డాలస్ వైపు బిడ్డలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరుంది. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊరు. డాలస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్. 2020 అక్టోబర్‌లో మ్యాచ్ మధ్యలో ఆయన చీలమండ విరిగి, ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. కోలుకొని తిరిగొచ్చాడు. 2024 సెప్టెంబర్‌లో జట్టు ఆయనతో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు. అప్పటికి ఆ లీగ్ చరిత్రలో అదే పెద్ద జీతం. ఒప్పందం కుదిరిన రెండు నెలలకే తొడ వెనుక కండరం తెగి, ఆ ఏడాదికి ఆయన ఆట ముగిసింది.

న్యూయార్క్ జెట్స్ సంగతి ఇంకా బాధాకరం. 2023లో ఆ జట్టు ఆరన్ రోడ్జర్స్ అనే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. సెప్టెంబర్ 11న మొదటి మ్యాచ్. బంతి నాలుగోసారి ఆటలోకి వచ్చేసరికే మడమ వెనుక తంతువు తెగి ఆయన కూర్చుండిపోయాడు. ఏడాది మొత్తం పోయింది. బెంగళూరులో పవన్‌కు పది నిమిషాల్లో జరిగినది, న్యూయార్క్ జట్టు రోడ్జర్స్‌కు నాలుగు బంతుల్లో జరిగింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక్కడి మీద ఇంత పెట్టడం సబబేనా?

దీనికి మన తెలుగు జట్టే జవాబు చెబుతుంది. తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీ మొదటి సీజన్ నుంచీ ఉన్న జట్టు. మొదట్లో రాహుల్ చౌదరి కూత చూడడానికే జనం టీవీల ముందు కూర్చునేవారు. 2019లో రాహుల్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. టైటాన్స్ వాళ్లు సిద్ధార్థ్ దేశాయ్‌ను కోటీ 45 లక్షలకు తెచ్చుకున్నారు. ఎనిమిదో సీజన్‌లోనూ ఆయన మీదే ఆశ పెట్టుకున్నారు. కొద్ది మ్యాచ్‌లకే ఆయన భుజం గాయంతో పక్కకు వెళ్లాడు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడిన టైటాన్స్ ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో రెండు గెలిచింది.

పదో సీజన్ వేలం 2023 అక్టోబర్‌లో జరిగింది. మోకాలి గాయం నుంచి కోలుకున్న పవన్ సెహ్రావత్ అప్పటికి భారత జట్టుకు కెప్టెన్. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద ఫైనల్ గెలిచి బంగారు పతకం అందుకొని రెండు రోజులే అయింది. తెలుగు టైటాన్స్ ఆయనను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. ఆ ఏడాది ఒక్కో జట్టు ఆటగాళ్ల కోసం ఖర్చు పెట్టగలిగిన మొత్తం 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే వెళ్లింది. పవన్ తన పని తాను చేశాడు. సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. కానీ జట్టు 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది.

ఆయన ఆటలో లోపం లేదు. కబడ్డీలో కూతకు ఒక్కడు వెళతాడు గానీ, అవతలివాడు కూతకు వచ్చినప్పుడు పట్టవలసినవాళ్లు ఏడుగురు. కార్నర్లో నిలబడేవాడు, కవర్లో నిలబడేవాడు, గొలుసుకట్టి అడ్డం పడేవాడు, వీళ్లందరికీ మిగిలిన సగం డబ్బులోంచే సర్దాలి. రైడర్ పది పాయింట్లు తెస్తే, వెనక ఉన్నవాళ్లు పదిహేను వదిలేస్తే గెలుపు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆ తర్వాత ఏమైందో చూడండి. పదకొండో సీజన్‌లో జట్టు పవన్‌ను కోటీ 72 లక్షల 50 వేలకు అట్టిపెట్టుకుంది. ధర తగ్గింది, మిగతావాళ్లకు కొంత వెసులుబాటు దొరికింది. మధ్యలో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా, విజయ్ మలిక్ లాంటివాళ్లు జట్టును నడిపించారు. 22 మ్యాచ్‌లలో 12 గెలిచింది. ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పిపోయాయి. 2025లో పవన్ లేకుండానే, విజయ్ కెప్టెన్‌గా ప్లేఆఫ్స్‌కు చేరింది. అంతకు ముందు తమిళ్ తలైవాస్ సంగతీ ఇలాగే జరిగింది. పవన్ మోకాలు పోయిన ఆ తొమ్మిదో సీజన్‌లోనే, నరేందర్ అనే కొత్త కుర్రాడు కూత అందుకోగా, ఆ జట్టు మొదటిసారి సెమీఫైనల్ చేరింది.

అమెరికాలోనూ ఈ పాఠం కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 2022లో బ్రాక్ పర్డీ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను కొత్త ఆటగాళ్ల ఎంపికలో అందరికంటే చివరివాడిగా, 262వ వాడిగా తీసుకుంది. జీతం చాలా తక్కువ. మిగిలిన డబ్బుతో చుట్టూ బలమైనవాళ్లను నిలిపింది. 2024 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్‌బౌల్ ఫైనల్ ఆడింది. అయితే ఆ జట్టు కథలోనే ఇంకో హెచ్చరిక కూడా ఉంది. 2023 జనవరిలో పెద్ద మ్యాచ్ మొదట్లోనే పర్డీ మోచేతి తంతువు తెగింది. బదులుగా దిగిన ఆటగాడి తలకు దెబ్బ తగిలింది. మూడోవాడు లేడు. బంతి విసరడానికి మనిషే లేక ఆ జట్టు ఓడిపోయింది. ఆ ఏడాది మేలోనే లీగ్ నియమం మార్చి, అత్యవసరానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ను పక్కన సిద్ధంగా ఉంచుకునే వీలు కల్పించింది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గొప్ప ఆటగాడికి గొప్ప ధర ఇవ్వడం తప్పు కాదు. అతడు దానికి అర్హుడు. ఆటగాడి సంపాదన కాలం చిన్నది, ఇంటి దగ్గర అతడి మీద ఆధారపడినవాళ్లు ఎక్కువ. పవన్ ధరనే చూడండి: 2022లో 2 కోట్ల 26 లక్షలు, 2023లో 2 కోట్ల 60 లక్షలు, 2024లో కోటీ 72 లక్షలు, 2025లో 59 లక్షల 50 వేలు. మూడేళ్లలో అంత పైకి, అంత కిందికి. ఒళ్లు సహకరించినన్నాళ్లే ఈ డబ్బు. కాబట్టి ఆటగాడు ఎక్కువ అడిగాడని నిందించడం తగదు. తూకం చూసుకోవలసింది కొనేవాళ్లు. మూడో వంతుకు మించి ఒక్కరి మీద పెడితే ఏడుగురి ఆటను ఒక్కడి భుజాన వేసినట్టే. బరువు పడిన భుజమే ముందు జారుతుంది.

ఇక రెండో ప్రశ్న, రక్షణ నియమాలు.

అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే నియమాలు ఒక్కొక్కటీ ఒక్కో గాయం తర్వాత వచ్చాయి. 2006 జనవరిలో కార్సన్ పామర్ అనే క్వార్టర్‌బ్యాక్ మోకాలు ఎదుటివాడి భుజం తగిలి పోయింది. ఆ ఏడాదే మోకాలి మీదికి దూకడాన్ని కట్టడి చేశారు. 2008 సెప్టెంబర్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ మోకాలు అలాగే పోయింది. కింద పడి ఉన్న డిఫెండర్ లేవకుండానే క్వార్టర్‌బ్యాక్ కాళ్ల మీదికి ఎగబడకూడదని 2009లో స్పష్టం చేశారు. 2017లో రోడ్జర్స్ మెడ కింద ఎముక విరిగింది. ఎదుటివాడు తన బరువంతా ఆయన మీద వేసి పడటం దానికి కారణం. 2018 నుంచి అలా బరువు మోపి పడితే శిక్ష గట్టిగా అమలు చేశారు. శిక్ష అంటే పదిహేను గజాల దూరం ఎదుటి జట్టుకు వదులుకోవడం. ఒక్క శిక్షతో మ్యాచ్ చేజారిపోవచ్చు.

అప్పటినుంచీ అక్కడ పెద్ద రగడ. డిఫెండర్లు, పాత ఆటగాళ్లు ఆట మెత్తబడిపోయిందని అన్నారు. గాలిలో ఉన్న మనిషి తన బరువును ఎక్కడ దాచుకోవాలని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2018 సెప్టెంబర్‌లోనే మయామి జట్టు డిఫెండర్ విలియమ్ హేస్ ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడుతూ, శిక్ష పడకుండా తన బరువు పక్కకు తప్పించబోయాడు. కాలు మెలిక పడి తన మోకాలి తంతువే తెగింది. ఖరీదైనవాడి కోసం పెట్టిన నియమం, అంత ఖరీదు లేనివాడి మోకాలును బలి తీసుకుంది.

అయినా నియమాలు అనవసరం అనలేం. అవి అనవసరమని దశాబ్దాల పాటు అనుకున్నందుకు ఆ ఆట భారీ మూల్యం చెల్లించింది. పిట్స్‌బర్గ్ జట్టు పాత ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయినప్పుడు, నైజీరియాలో పుట్టిన వైద్యుడు బెనెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్షించాడు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలు మెదడును ఎలా తినేశాయో బయటపెట్టాడు. ఆ తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. లీగ్ వాళ్లకు పెద్ద మొత్తంలో పరిహారం ఒప్పుకోవలసి వచ్చింది. మోకాలు పోతే కర్ర పట్టుకొని నడవచ్చు. మెదడు పోతే భార్యాబిడ్డల పేర్లు కూడా గుర్తుండవు.

కాబట్టి నియమం ఉండాలి. ఎవరి ధరను చూసీ రాయకూడదు, ఒంటిని చూసి రాయాలి. మన కబడ్డీ ఈ విషయంలో ఒక మంచి పునాది మీద నిలబడి ఉంది. అదేమిటో చూద్దాం.

కబడ్డీ నియమాల పుస్తకం రైడర్‌ను ఎక్కడ పట్టవచ్చో చెబుతుంది. కాళ్లూ చేతులూ, మొండెం. అంతే. జుట్టు పట్టుకున్నా, బట్ట పట్టుకున్నా రైడర్ ఔట్ కాడు. కూత ఆపడానికి నోరు మూయకూడదు, గొంతు నొక్కకూడదు. రెండు కాళ్లతో కత్తెర వేసి పడగొట్టకూడదు. గాయమయ్యేంత మొరటుగా పట్టకూడదు. కావాలని గీత బయటికి తోసేయకూడదు. గోళ్లు కత్తిరించుకొని రావాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు, నగలు పెట్టుకోకూడదు. తప్పు చేస్తే రిఫరీ ముందు ఆకుపచ్చ కార్డు చూపిస్తాడు, అది హెచ్చరిక. తర్వాత పసుపు కార్డు, రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎర్ర కార్డు చూపిస్తే ఆ మ్యాచ్‌లో ఇక ఆట లేదు.

ఈ నియమాల్లో గొప్పదనం ఏమిటంటే, ఇవి ధరను చూడవు. కోటి పలికినవాడి జుట్టు పట్టినా తప్పే, ఊరి జట్టు కుర్రాడి జుట్టు పట్టినా తప్పే. అయితే ఒక లోటుంది. ఇవి ఎక్కువగా రైడర్‌ను తలచుకొని రాసినవి. కబడ్డీలో రైడర్ కూడా తిరిగి వచ్చి పట్టు పట్టవలసిందే. అమెరికాలో క్వార్టర్‌బ్యాక్ ఎదుటివాళ్లను పడగొట్టే పనికి సాధారణంగా పోడు. ఇక్కడ ప్రతివాడూ రెండు పనులూ చేయాలి. పవన్ మోకాలు ఎప్పుడు పోయిందో గుర్తు చేసుకోండి. పట్టు పట్టబోయినప్పుడు. రైడర్‌ను ఎంత కాపాడినా ఆ మోకాలు నిలిచేది కాదు. అందువల్ల కబడ్డీలో రక్షణ అంటే ఏడుగురి ఒంటికీ రక్షణ అనే అర్థం చెప్పుకోవాలి.

అందుకు నేను మూడు మార్పులు కోరుతున్నాను. మొదటిది, ఇద్దరు గట్టిగా పట్టి రైడర్ కదలలేని స్థితికి వచ్చాక, మూడోవాడు, నాలుగోవాడు వచ్చి పై నుంచి దూకడాన్ని రిఫరీ వెంటనే తప్పుగా పరిగణించాలి. చాలాసార్లు కింద నలిగేది రైడర్ ఒక్కడే కాదు, ముందు చీలమండ పట్టినవాడు కూడా. వాడి వేళ్లు, వాడి మెడ ఆ కుప్ప కింద ఉంటాయి. రెండోది, తలకు దెబ్బ తగిలి తడబడినవాడు ఎంత బతిమాలినా ఆ రోజు మళ్లీ బరిలోకి దిగకూడదు. క్రికెట్‌లో 2019 నుంచి అలాంటి ఆటగాడి బదులు ఇంకొకరిని దింపే వీలుంది. కబడ్డీలో అయిదుగురు పక్కన సిద్ధంగా ఉంటారు గదా, ఇబ్బందేముంది? మూడోది, ఒప్పంద పత్రంలో ధరతోపాటు గాయమైతే చికిత్స ఖర్చు, కోలుకునే కాలానికి జీతం స్పష్టంగా రాయాలి. ధర అంకె ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో, ఈ మాట కూడా అంతే స్పష్టంగా ఉండాలి.

ఇక మన ఊళ్ల సంగతి. నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు జరిగాయి. పెద్ద వెలుగుల కింద, మ్యాట్ల మీద, వేరే రాష్ట్రాల జట్లు వచ్చి ఆడాయి. 2023 డిసెంబర్‌లో రాష్ట్రమంతటా మొదలైన ఆడుదాం ఆంధ్రా పోటీల్లోనూ కబడ్డీ ఒక ఆట. అంటే మన పిల్లల్లో ఆసక్తి ఉంది, జనంలో ఆదరణ ఉంది. మ్యాట్ పక్కన రిఫరీ, వైద్యుడు, బూట్లు వేసుకున్న ఆటగాళ్లు ఉన్నచోట ప్రమాదం కొంతవరకు అదుపులో ఉంటుంది. పల్లె పోటీల సంగతి వేరు. సంక్రాంతికి, జాతరకు, ఊరి తిరునాళ్లకు పెట్టే పోటీల్లో నేల గట్టిగా ఉంటుంది, మధ్యలో రాళ్లు తేలి ఉంటాయి. ఒట్టి కాళ్లతో ఆడతారు. దీపాలు ఒక పక్కనే ఉంటాయి. ఒకే రాత్రి మూడు, నాలుగు మ్యాచ్‌లు ఆడే కుర్రాళ్లు ఉంటారు. బహుమతి డబ్బు పెద్దగా ప్రకటిస్తారు గానీ దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో ముందుగా చెప్పరు.

మన ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఎముక విరిగిందంటే చిత్తూరు సీమలోనే కాదు, తమిళనాడులో, కర్ణాటకలో కూడా ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పేలికలతో కట్టే ఆ కట్టుకు నూరేళ్లకు పైబడిన పేరు ఉంది. తరతరాలుగా ఎంతోమంది బీదవాళ్లకు అది అక్కరకు వచ్చింది. ఆ చేతివాటానికి గౌరవం ఇవ్వవలసిందే. కానీ కబడ్డీలో వచ్చే గాయాలన్నీ ఎముక గాయాలు కావు. మోకాలి లోపల రెండు ఎముకలను కలిపి పట్టి ఉంచే తంతువు ఉంటుంది. అడుగు ఒక వైపు, ఒళ్లు ఒక వైపు తిరిగినప్పుడు అది తెగుతుంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే కనిపిస్తుంది. వాపు రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. కుర్రాడు బాగైందనుకొని మళ్లీ ఆడతాడు. మోకాలు పక్కకు జారిపోతుంది. లోపలున్న మెత్తని పొర కూడా అప్పుడు చిరుగుతుంది. ఇలాంటి గాయానికి ఏ కట్టూ సరిపోదు. ఎముకల వైద్యుడు చేత్తో పరీక్షించాలి, స్కాన్ తీయించాలి, అవసరమైతే శస్త్రచికిత్స చేయాలి. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది నెలలు ఓపికగా వ్యాయామం చేయాలి. పవన్ అలాగే తిరిగొచ్చాడు.

ఆ వైద్యం మన తిరుపతిలోనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆస్పత్రి ఎముకలు, కీళ్ల చికిత్సకే ప్రత్యేకం. రుయా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: మోకాలులో టప్ మని శబ్దం వచ్చిందని, కాసేపటికే వాచిందని, నడుస్తుంటే జారిపోతోందని పిల్లవాడు చెబితే బెణుకు అని వదిలేయకండి. ఎముక బయటికి కనిపిస్తే, గాయం మీద శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండా ఉంచి నేరుగా ఆస్పత్రికి తీసుకువెళ్లండి. మెడకు దెబ్బ తగిలి చేతులు, కాళ్లు తిమ్మిరెక్కితే లేపి కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలాక వాంతి అయినా, మత్తుగా ఉన్నా, అడిగినదే మళ్లీ అడుగుతున్నా ఆలస్యం చేయకండి.

పోటీలు పెట్టే ఊరి పెద్దలకు, యువజన సంఘాలవారికి కూడా ఒక మాట. ముందు రోజే నేల తవ్వి, రాళ్లు ఏరి, మెత్తటి మట్టి పోసి నీళ్లు చల్లి సిద్ధం చేయండి. నాలుగు పక్కలా వెలుగు ఉండేలా చూడండి. నియమాలు తెలిసిన రిఫరీని పిలిపించి, కార్డులు చేతికిచ్చి, ఆయన తీర్పుకు కట్టుబడండి. ఒక జట్టు ఒకే రాత్రి రెండు మ్యాచ్‌లకు మించి ఆడకుండా పట్టిక వేయండి. మొదటి బహుమతిలోంచి కొంత తీసి ఆటగాళ్లకు ప్రమాద బీమా కట్టండి, ఒక వాహనం సిద్ధంగా ఉంచండి. బడుల్లో కబడ్డీ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులు పట్టు ఎలా పట్టాలో ఎంత నేర్పుతారో, ఎలా పడాలో కూడా అంతే నేర్పండి. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం ముందుకు తిప్పి పడే అలవాటు చిన్నప్పుడే వస్తే మెడ క్షేమంగా ఉంటుంది. ఆడపిల్లలు కూడా ఇప్పుడు బాగా ఆడుతున్నారు, వాళ్లకూ ఇదే శ్రద్ధ కావాలి.

ప్రో కబడ్డీ జట్ల యజమానులకు చివరి విన్నపం. వేలంలో ఒక పేరు మీద కోట్లు పెట్టే ముందు, వెనక నిలబడే ఆరుగురిని లెక్క వేసుకోండి. మీ జట్టుకు వచ్చే కుర్రాళ్లు ఎక్కడో పల్లె మట్టి మీదే ఆట నేర్చుకున్నారు. ఆ మట్టిని బాగు చేయడానికి, ఆ పల్లె పోటీలకు మ్యాట్లు, వైద్యులు, శిక్షకులు అందడానికి మీ సంపాదనలో ఒక వంతు తిరిగి ఇవ్వండి.

పెద్ద లీగ్‌లో గాయపడ్డవాడి వెనక వైద్యులు, వ్యాయామ నిపుణులు, ఒప్పందం ఉంటాయి. మన ఊళ్లో గాయపడ్డవాడి వెనక అమ్మానాన్న మాత్రమే ఉంటారు. వాడు మరునాడు కూలికి పోవాలి, లేదా కాలేజీకి పోవాలి. నియమం ఎవరికి ఎక్కువ అవసరమో ఇక వేరే చెప్పనక్కరలేదు. ధర పలికినా పలకకపోయినా, కూతకు వెళ్లిన ప్రతి పిల్లవాడినీ క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత పోటీ పెట్టినవారిదే. ఈ సంక్రాంతికి మీ ఊళ్లో పోటీ పెడితే, బహుమతి ఎంతో ప్రకటించే ముందు ఈ ఏర్పాట్లు పూర్తి చేయండి.